పాయింట్లు సరే, ఎన్ని తడుల్లో?

రాత్రి పదకొండు దాటినాక మన హాస్టల్లో సినిమా కలెక్షన్ల మీద జరిగే యుద్ధం అందరికీ తెలిసిందే. ఒకడు మా హీరో సినిమాకి ఇన్ని కోట్లు వచ్చినాయి అంటాడు. వాడి మాట పూర్తి కాకముందే ఇంకొకడు అందుకుంటాడు. "అప్పుడు టికెట్ రేటెంత, ఇప్పుడెంత? కోట్లు పక్కన పెట్టు, ఎంతమంది చూసినారో చెప్పు." అడిగినోడికి ఎకనామిక్స్ రాదు. ద్రవ్యోల్బణం అంటే ఏందని అడిగితే సెమిస్టర్ పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చినోడే. అయినా ప్రశ్న మాత్రం నూటికి నూరు పాళ్ళు సరైంది. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టే ముందు, ఆ రెండూ ఒకే కొలతలో ఉన్నాయా అని అడిగినాడు.

ఇదే మనిషి పొద్దున బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివంతా రూములో పెట్టి వస్తాడు. "ఫలానా వాడు మ్యాచ్‌కి 18 కొట్టినాడు, ఫలానా వాడు 13. ఇంక మాట్లాడేదేముంది?" అంటాడు. మాట్లాడేది చాలా ఉందని చెప్పడానికే ఇది రాస్తాండా. ఆ 18, ఆ 13 ఎన్ని అవకాశాల్లో వచ్చినాయో తెలియకుండా ఇద్దరిలో ఎవరు మేలో తేల్చడం అన్యాయం. ఆ అన్యాయం ఎక్కడో అమెరికాలో కన్నా మన సిమెంటు కోర్టుల మీదే ఎక్కువ జరుగుతోంది. అదీ నా వాదన.

ముందు మాట తేల్చుకుందాం. బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు చేతికి బంతి వచ్చినప్పటి నుంచి అది అవతలి జట్టు చేతికి పోయేదాకా ఉన్న సమయాన్ని పొసెషన్ అంటారు. బుట్టలో వేసినా, మిస్సయి అవతలోళ్ళు రీబౌండ్ పట్టినా, చేజారినా ఆ పొసెషన్ అయిపోయినట్టే. మిస్సయిన బంతిని మనమే మళ్ళీ పట్టుకుంటే మాత్రం అదే పొసెషన్ నడుస్తా ఉంటుంది. ఒక మ్యాచ్‌లో ఒక్కో జట్టుకి ఇట్లాంటివి ఎన్ని దొరికినాయి అన్నదే పేస్. ఎన్‌బీఏలో దీన్ని 48 నిమిషాలకి ఇన్ని అని చెప్తారు.

మా ఊరు ప్రొద్దుటూరు అవతల, చదువు కర్నూల్లో. మా ఇంట్లో దీన్ని ఒక్క ముక్కలో అర్థం చేసుకుంటారు. శెనక్కాయ ఎకరాకి ఎన్ని బస్తాలు అయిందని ఎవరైనా చెప్తే, మా నాయన అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని తడులు కట్టినారు?" అని. బోరు కింద కావలసినన్ని తడులు పారిన చేనునీ, ఆకాశం చూస్తా కూర్చున్న మెట్ట చేనునీ బస్తాలతో పోలిస్తే ఆయన నవ్వుతాడు. మెట్టలో తక్కువ పండించినోడు అసమర్థుడు అనడు. నీళ్ళు చూసి మాట్లాడమంటాడు. పొసెషన్ అంటే ఆటగాడికి అందిన తడి. కరువు సీమలో పుట్టి ఈ లెక్క మనకు వేరే ఎవరో నేర్పాలా?

ఇందులో ఇంకో మెలిక ఉంది. చేను విషయంలో పక్కోడి బోరు వేరు, మన బోరు వేరు. బాస్కెట్‌బాల్‌లో అట్ల కాదు. ఒకరి తర్వాత ఒకరికి బంతి పోతుంది కాబట్టి ఒకే మ్యాచ్‌లో రెండు జట్లకీ పొసెషన్లు దాదాపు సమానంగా వస్తాయి. ఒకటీ రెండూ తేడా, అంతే. అంటే ఎంత ఉరికినా మ్యాచ్‌లో మనకు అవతలోళ్ళ కన్నా ఎక్కువ అవకాశాలు రావు. ఇద్దరికీ పెరుగుతాయి, లేదంటే ఇద్దరికీ తగ్గుతాయి. గెలుపు మాత్రం ఒక్కో పొసెషన్‌కి ఎన్ని పాయింట్లు రాబట్టినాం, ఎన్ని ఇచ్చినాం అనే దాని మీద ఆధారపడుతుంది. ఇంత చిన్న విషయం గమనించకనే స్కోరు పెద్దదైతే ఆట గొప్పదని అనుకుంటాం.

పేస్ ఎంత మారగలదో తెలుసుకోవాలంటే ఎన్‌బీఏ చరిత్రలో రెండు తేదీలు చాలు. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్, మినియాపొలిస్ లేకర్స్ మీద గెలిచింది. స్కోరు 19-18. అది క్వార్టర్ స్కోరు అనుకునేరు, మొత్తం మ్యాచ్ స్కోరే! లేకర్స్‌లో జార్జ్ మైకన్ అనే కొండలాంటి సెంటర్ ఉండేవాడు. ఆయన చేతికి బంతి పోకుంటే చాలని పిస్టన్స్ వాళ్ళు బంతిని తమ దగ్గరే పెట్టుకుని నిలబడినారు. షాట్ క్లాక్ లేదు కాబట్టి ఎంతసేపైనా నిలబడొచ్చు. ప్రేక్షకులకి పిచ్చెక్కింది.

1954లో 24 సెకన్ల షాట్ క్లాక్ వచ్చింది. సిరక్యూస్ నేషనల్స్ యజమాని డానీ బయసోన్ వేసిన లెక్క మన ఫస్టియర్ పిల్లలు కూడా వేయగలిగేదే. చూడబుద్ధయ్యే మ్యాచ్‌లలో ఒక్కో జట్టు సుమారు 60 షాట్లు కొడుతోంది, రెండూ కలిపి 120. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు. 2880ని 120తో భాగిస్తే 24. ఆ ఒక్క భాగహారంతో జట్టు సగటు స్కోరు 79.5 నుంచి 93.1కి ఎగబాకింది. ఆటగాళ్ళు ఎండాకాలం సెలవల్లో ఏమీ అంత మెరుగైపోలేదు. తడులు పెరిగినాయి.

రెండో తేదీ 1962 మార్చి 2. విల్ట్ చాంబర్లేన్ ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టిన రాత్రి. ఆ మ్యాచ్ స్కోరు 169-147. ఆయన ఒక్కడే 63 షాట్లు వేసినాడు, అవి కాక 32 ఫ్రీ త్రోలు. ఆ సీజన్ మొత్తం మీద ఆయన సగటు 50.4. ఈ అంకె చూపించి "ఇప్పటోళ్ళు ఎవరైనా దీని దరిదాపుల్లో ఉన్నారా" అని అడిగే సీనియర్లు మనకున్నారు. ఆ కాలంలో లీగ్ సగటు పేస్ సుమారు 126 అని అంచనా. 2016-17లో అది 96 దగ్గర ఉంది. 50.4ని 96తో గుణించి 126తో భాగించండి. సుమారు 38 వస్తుంది.

ఇక్కడ చాలామంది ఆగిపోయి "చూసినావా, విల్ట్ ఉత్త బుడగ" అంటారు. నాకైతే ఆ లెక్క వేరే మాట చెప్తోంది. సీజన్ మొత్తానికి 38 అంటే మైకేల్ జోర్డాన్ కెరీర్‌లో అత్యధిక సగటు 37.1 పక్కన నిలబడే అంకె. మనిషి దేవుడు కాడు, బుడగా కాడు. గొప్పోళ్ళ వరుసలో ముందున్న గొప్పోడు. పేస్ సవరణ ఆయన్ని కిందికి తోయలేదు, మనం పోల్చగలిగే చోటికి తెచ్చి నిలబెట్టింది.

ఇంకో జంట మరీ ముచ్చటైనది. ఆస్కార్ రాబర్ట్‌సన్ 1961-62లో సీజన్ మొత్తం ట్రిపుల్ డబుల్ సగటు తెచ్చినాడు. 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. మళ్ళీ ఆ పని చేయడానికి 55 ఏళ్ళు పట్టింది. 2016-17లో రసెల్ వెస్ట్‌బ్రూక్ 31.6, 10.7, 10.4తో దాన్ని అందుకున్నాడు. అంకెలు అట్లే చూస్తే రాబర్ట్‌సన్‌దే పైచేయి. రీబౌండ్లలో, అసిస్టుల్లో రెండింట్లోనూ ముందున్నాడు.

ఇప్పుడు తడులు లెక్కేద్దాం. పేస్ ఒక్కటే సవరించినా ఆయన 12.5 రీబౌండ్లు సుమారు 9.5 అవుతాయి. పైగా ఆ కాలంలో షాట్లు ఎక్కువ మిస్సయ్యేవి. లీగ్ మొత్తం మీద నూటికి 43 కన్నా తక్కువే పడేవి, 2016-17లో 46 దాకా పడినాయి. మిస్సులు ఎక్కువైతే పట్టుకోడానికి బంతులూ ఎక్కువే. అప్పట్లో ఒక జట్టు మ్యాచ్‌కి సగటున 71 రీబౌండ్లు పట్టేది, వెస్ట్‌బ్రూక్ కాలంలో 43 పైచిలుకు. దానికి తోడు రాబర్ట్‌సన్ మ్యాచ్‌కి 44 నిమిషాలు ఆడినాడు, వెస్ట్‌బ్రూక్ 35 లోపే. రీబౌండ్ల విషయంలో వెస్ట్‌బ్రూక్ చేసిందే పెద్ద పని అని ఒప్పుకోక తప్పదు.

మరి అసిస్టులు? ఇక్కడే లెక్క అడ్డం తిరుగుతుంది. 1961-62లో పేస్ అంత ఉన్నా జట్టుకి సగటు అసిస్టులు 24 దగ్గరే. 2016-17లో దాదాపు 23. అంటే పొసెషన్లు 30 ఎక్కువున్నా అసిస్టులు పెద్దగా ఎక్కువ లేవు. ఆ రోజుల్లో ఒక్కో పొసెషన్‌కి అసిస్టు దొరకడం కష్టం. కేవలం పేస్ సవరించి రాబర్ట్‌సన్ 11.4ని 8.7కి తగ్గిస్తే అదీ అన్యాయమే. ఆ కాలపు సగటుతో పోలిస్తే ఆయన ఇప్పటికీ ఎవరికీ తీసిపోడు. ఒకే మనిషి అంకెల్లో ఒకటి సవరణతో చిన్నదైంది, ఇంకొకటి నిలబడింది. అందుకే ఈ లెక్కని "పాతోళ్ళని తక్కువ చేసే కుట్ర" అనేవాళ్ళ మాట నేను నమ్మను. లెక్కకి పక్షపాతం లేదు. ప్రశ్న సరిగ్గా అడిగితే జవాబు రెండు వైపులా వస్తుంది.

జట్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1990-91లో డెన్వర్ నగ్గెట్స్ లీగ్‌లోకెల్లా ఎక్కువ పాయింట్లు కొట్టిన జట్టు, మ్యాచ్‌కి 119.9. ఆ సీజన్లో 82 మ్యాచ్‌లలో 20 గెలిచి 62 ఓడింది. లీగ్‌లో అట్టడుగు స్థానం. బంతి దొరకడమే ఆలస్యం, పరుగో పరుగు, దొరికిన మొదటి షాట్ కొట్టెయ్యడం. అది వాళ్ళ పద్ధతి. 100 పొసెషన్లకు లెక్కేస్తే వాళ్ళ స్కోరింగ్ లీగ్ సగటు కన్నా తక్కువ. అవతలి జట్లకి ఇచ్చింది మ్యాచ్‌కి 130.8. స్కోర్‌బోర్డు చూసి ఆ జట్టులోంచి ఆటగాళ్ళని ఏరుకుంటే ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఇప్పుడు అమెరికా వదిలి మన దగ్గరికి వద్దాం. ఎందుకంటే అసలు పేచీ ఇక్కడే ఉంది.

ఈ రోజు ఎన్‌బీఏలో ఒకే సీజన్లో అతి వేగంగా ఆడే జట్టుకీ, అతి నెమ్మదిగా ఆడే జట్టుకీ మధ్య తేడా మామూలుగా 100కి ఆరో ఏడో. ఎందుకంటే 24 సెకన్ల గడియారం అందరి నెత్తి మీదా ఉంటుంది. ఒకే సీజన్లో ఇద్దరు ఆటగాళ్ళని పోల్చేటప్పుడు పేస్ సవరించకపోయినా కొంప మునగదు. మన ఇంటర్ బ్రాంచ్ టోర్నమెంటుకి షాట్ క్లాక్ ఉందా? మన చుట్టుపక్కల ఎన్ని కాలేజీ కోర్టులకి ఉంది? నేను చూసిన చాలా మ్యాచ్‌లలో రిఫరీ చేతిలో విజిల్, టేబుల్ మీద ఒక స్టాప్‌వాచ్, అంతే. షాట్ క్లాక్ లేని మ్యాచ్ అంటే 1954కి ముందున్న ఆట. ఫోర్ట్ వేన్ వాళ్ళ లాగా బంతి పట్టుకుని నిలబడినా అడిగేవాడు లేడు.

దానికి తోడు మన ఎండ. మార్చి నెలలో పొద్దున ఆరున్నరకి ఆడే మ్యాచూ, పదకొండుకి ఆడే మ్యాచూ ఒకటేనా? కర్నూలు సిమెంటు కోర్టు పదకొండుకల్లా పెనం అవుతుంది. బూటు అరిగినోడికి ఆ సంగతి అరికాలే చెప్తుంది. పొద్దున మ్యాచ్‌లో ఉరికిన జట్టే పదకొండుకి నడుస్తుంది. బెంచీ మీద ఆరుగురు సబ్‌స్టిట్యూట్లు ఉన్న జట్టు ఉరుకుతుంది, ఒక్కరే ఉన్న జట్టు ఊపిరి దాచుకుంటుంది. మన దగ్గర పేస్ తేడా ఆరో ఏడో కాదు, ఒకటిన్నర రెట్లు కూడా ఉండొచ్చు. అందుకే అంటాండా, ఈ సవరణ వాళ్ళ కన్నా మనకే ఎక్కువ అవసరమని.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు నావే, ఏ జట్టుకీ తగిలించుకోవద్దు. ఈసీఈ జట్టు ఉరికే జట్టు, 40 నిమిషాల మ్యాచ్‌కి వాళ్ళ సగటు 90 పొసెషన్లు. సివిల్ జట్టు నడిచే జట్టు, వాళ్ళ మ్యాచ్‌లలో సగటు 55. ఈసీఈ గార్డ్ మ్యాచ్‌కి 18 కొడతాడు, సివిల్ సెంటర్ 13. ఇద్దరూ మ్యాచ్ మొత్తం కోర్టులోనే ఉంటారు అనుకుందాం. 100 పొసెషన్లకు లెక్కేయండి. గార్డ్‌కి 20. సెంటర్‌కి 23.6. నోటీసు బోర్డు మీద టాప్ స్కోరర్ల జాబితాలో మాత్రం గార్డ్ పైన, సెంటర్ ఎక్కడో కింద.

ఆగండి, ఇదే లెక్క సివిల్ వాళ్ళ ఇంకో గొప్పని కూడా దించుతుంది. "మా డిఫెన్స్ చూడండి, మ్యాచ్‌కి 45 కన్నా ఇవ్వం. ఈసీఈ వాళ్ళు 68 ఇస్తారు" అని వాళ్ళు కాలర్ ఎగరేస్తారు. 55 పొసెషన్లకి 45 అంటే నూటికి దాదాపు 82. 90కి 68 అంటే నూటికి 76 లోపే. డిఫెన్స్‌లో ఈసీఈ వాళ్ళే మేలు! నెమ్మదిగా ఆడితే మనం కొట్టేవీ తగ్గుతాయి, మనకు పడేవీ తగ్గుతాయి. మొదటిది చూసి ఏడ్చి, రెండోది చూసి గర్వపడితే ఎట్ల?

ఇది కాగితం మీది లెక్క కాబట్టి నవ్వుకుని వదిలెయ్యొచ్చు. కానీ నేను స్కోర్ టేబుల్ దగ్గర కూర్చున్న ఒక సెలెక్షన్‌లో జరిగింది నవ్వుకునే విషయం కాదు. కడప వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఆమె జట్టుకి మొత్తం ఆరుగురే. ఉరికితే మూడో క్వార్టర్‌కి నిలబడలేరని తెలిసి, బంతిని నడిపించుకుంటా వచ్చి, పదిసార్లు పాస్ చేసి, అప్పుడు కొట్టేవాళ్ళు. ఆ అమ్మాయి షాట్ కొట్టిందంటే చాలాసార్లు పడేది. చేతిలోంచి బంతి పోవడం నేను చూసింది చాలా తక్కువ. జాబితా రాసేటప్పుడు ఒక పెద్దమనిషి అందరి పాయింట్లూ చూసి, పై నుంచి గీత గీసినాడు. ఆమె పేరు గీత కింద పడింది. "బాగా ఆడుతుందమ్మా, కానీ స్కోర్ లేదు" అన్నాడు. ఆయనలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆయన ముందున్న కాగితంలో ఉన్నదే అంత. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, బ్యాగు సర్దుకుని బస్టాండుకి పోయింది.

ఒక సర్టిఫికెట్టు, ఒక బ్లేజరు, ఎక్కడో ఒక చోట స్పోర్ట్స్ కోటా. బయటి వాళ్ళకి ఇవి చిన్నవి. ఇంట్లో "ఆడపిల్లకి ఆటలేంది" అనే మాటకి బదులు చెప్పాల్సిన పిల్లకి ఆ కాగితం చిన్నది కాదు. చిన్న కాలేజీ, చిన్న బెంచీ, తక్కువ తడులు. మ్యాచ్‌కి పాయింట్లు అనే కొలత ఎవరి మీద పడుతుందో చూడండి. ఎప్పుడూ తక్కువున్నోళ్ళ మీదే పడుతుంది.

మనలో ఎక్కువమందిమి ఎంట్రన్స్‌లో నార్మలైజేషన్ దాటుకుని ఈ గేటు లోపలికి వచ్చినోళ్ళమే. ఒక సెషన్ పేపర్ సులభం, ఇంకో సెషన్ పేపర్ కష్టం కావొచ్చు కాబట్టి వచ్చిన మార్కుల్ని అట్లే పోల్చకుండా సర్దినారు. మన పేపర్ కష్టంగా వచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేసి "నార్మలైజేషన్ ఉంటుంది లేమ్మా" అని ధైర్యం చెప్పినోళ్ళమే. క్రికెట్‌లోనూ అంతే. మన కడప జిల్లా శ్రీచరణి 2025 వన్డే ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసినప్పుడు, ఎన్ని ఓవర్లలో, ఎకానమీ ఎంత అని వెంటనే చూసుకున్నాం. ఓవర్‌కి ఎన్ని, బంతికి ఎన్ని అన్నది మనకు పాలతో వచ్చిన విద్య. బాస్కెట్‌బాల్‌కి వచ్చేసరికి ఓవర్లు కంటికి కనపడవు. అందుకని లేవనుకుంటాం.

నా రూమ్మేట్ ఇవన్నీ విని ఒక్క మాటన్నాడు. "ఎందుకుబ్బా ఈ తిప్పలు? ఉరకడం కూడా టాలెంటే గదా. ఉరికినోడికి ఎక్కువ పాయింట్లు వస్తే వాడి కష్టం అది." మంచి ప్రశ్న. ఉరకడం టాలెంటే. అయితే దాని ఫలం ఎక్కడ కనపడాలి? అవతలోళ్ళు సర్దుకునేలోపు ఉరికి లేఅప్ వేస్తే ఆ పొసెషన్‌కి రెండు పాయింట్లు ఖాయం. అంటే వేగం నిజంగా లాభిస్తే అది పొసెషన్‌కి వచ్చే పాయింట్లలోనే తేలుతుంది. ఎక్కడికీ పోదు. లాభం లేని పరుగు మాత్రం స్కోరు పెంచుతుంది, గెలుపుని పెంచదు. డెన్వర్ వాళ్ళ కథ అదే.

వాడి మాటలో ఇంకో సగం నిజం ఉంది, అది దాచను. 55 పొసెషన్లలో 13 కొట్టినోడు 90 పొసెషన్లు ఉరికితే అదే జోరు నిలబెట్టుకుంటాడని గ్యారంటీ లేదు. కాళ్ళు బరువెక్కుతాయి, షాట్ పొట్టిగా పడుతుంది. విల్ట్ ఆ సీజన్లో మ్యాచ్‌కి సగటున 48.5 నిమిషాలు ఆడినాడు. ఓవర్‌టైములు కలవబట్టి 48 దాటింది. అంతసేపు నిలబడడమే ఒక ప్రతిభ, దాన్ని ఏ భాగహారమూ కొట్టెయ్యకూడదు. పైగా మన టోర్నమెంటులో ఒక్కొక్కరు ఆడేది మూడో నాలుగో మ్యాచ్‌లు. అన్ని తక్కువ మ్యాచ్‌ల మీద 23.6కీ 20కీ తేడా చూపించి ఇతనే గొప్ప అని తీర్పు చెప్తే అదీ తొందరపాటే. జట్టులో ఒకడి పని షాట్ కొట్టడం, ఇంకొకడి పని వాడికి దారి చెయ్యడం. ఆ రెండోవాడు ఏ అంకెలోనూ సరిగ్గా దొరకడు.

కాబట్టి పేస్ సవరించిన అంకెతో జాబితా రాయమని నేను అడగను. ఆ అంకె చూసినాకే గీత గీయమని అడుగుతాండా. గీత కింద ఉన్న పేరు మీద ఒకసారి కన్ను ఆగితే చాలు. "ఈ పిల్ల 55 పొసెషన్లలో ఇంత చేసింది, ఇంకో క్వార్టర్ మంచి జట్టుతో కలిపి ఆడించి చూద్దాం" అని ఎవరో ఒకరు అంటే చాలు. కంటితో చూసి ఎంచేవాళ్ళకి ఈ లెక్క పోటీ కాదు. ఎటు చూడాలో చెప్తుంది, అంతే.

"మన దగ్గర అంత డేటా ఎక్కడిది" అంటారు. నిజమే, అఫీషియల్ స్కోర్ షీట్లో పాయింట్లు, ఫౌళ్ళు, టైమవుట్లు తప్ప మిస్సయిన షాట్ కూడా ఉండదు. ఎన్‌బీఏ కూడా ఒకప్పుడు ఇంతే. అఫెన్సివ్ రీబౌండ్లు 1973-74 నుంచే లెక్కపెట్టినారు. అందుకే విల్ట్ కాలపు పేస్‌ని ఈ రోజుకీ అంచనాగానే చెప్పుకోవాల్సి వస్తోంది. అంత డబ్బున్న లీగ్‌కే రాసుకోనిది దక్కలేదు. సాహితీ క్లబ్బు పత్రికలో బాస్కెట్‌బాల్ ఏందని అడిగేవాళ్ళకి నా జవాబు కూడా ఇదే. రాసిపెట్టనిది మిగలదని మనకన్నా బాగా తెలిసినోళ్ళు ఈ క్యాంపస్‌లో ఎవరున్నారు?

పుస్తకాల్లో ఉండే సూత్రం ఇది. కొట్టిన షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు తీసెయ్యి, టర్నోవర్లు కలుపు, ఫ్రీ త్రోలని 0.44తో గుణించి అదీ కలుపు. ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటగా వస్తాయి, కొన్ని బుట్ట పడినాక అదనంగా ఒకటిగా వస్తాయి కాబట్టి సగం కన్నా కొంచెం తక్కువ పెట్టినారు. వీడియో లేకుండా అంకెల నుంచి పొసెషన్లు రాబట్టడానికి ఆ సూత్రం. మనం కోర్టు పక్కనే కూర్చుంటాం కాబట్టి మనకు అదీ అక్కర్లేదు. స్కోర్ టేబుల్ దగ్గర ఒక మనిషి ఎక్కువ, ఒక తెల్లకాగితం, ఒక పెన్ను. బంతి ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి మారిన ప్రతిసారీ ఒక గీత. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. మన తాతలు బస్తాలు లెక్కపెట్టినట్టే. సబ్‌స్టిట్యూషన్ జరిగినప్పుడు ఎవరు దిగినారో, ఎవరు ఎక్కినారో ఆ గీత పక్కన రాసుకుంటే ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు ఎన్ని పొసెషన్లు నడిచినాయో కూడా దొరుకుతుంది. మ్యాచ్ అయిపోయినాక ఫోన్లో రెండు నిమిషాల పని.

వచ్చే ఇంటర్ బ్రాంచ్ టోర్నమెంటులో ఆ కాగితం పట్టుకుని కూర్చోడానికి నేను సిద్ధం. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, రోజుకి నాలుగు మ్యాచ్‌లు ఉంటాయి. ఇంకో ముగ్గురు కావాలి. బాస్కెట్‌బాల్ ఆడటం రాకపోయినా ఫరవాలేదు, గీత గీయడం వస్తే చాలు. నోటీసు బోర్డు మీద టాప్ స్కోరర్ల జాబితా అంటించేటప్పుడు, మ్యాచ్‌కి పాయింట్ల పక్కనే ఇంకో గడి గీసి 100 పొసెషన్లకు ఎన్నో కూడా రాద్దాం. ఆ గడి చూసి ఒక్కరైనా "ఇదేందన్నా?" అని అడిగితే, ఎన్ని తడుల్లో పండిందో చెప్పే గడి అని చెప్దాం. మన ఊర్ల పిల్లలకి అంతకన్నా వివరం అక్కర్లేదు.